దుప్పటి కింద వైరు

"అంతా బానే ఉందిరా. వైర్లు ఎటు పోయినయ్?"

వీడియో కాల్‌లో మా ఇంటి అటకంతా తిప్పి తిప్పి చూపించాక నాన్న అడిగిన మొదటి ప్రశ్న ఇదే. నవంబర్ నెల, ఆదివారం సాయంత్రం. శని, ఆదివారాలు రెండూ మోకాళ్ల మీద పాకి, గాజు దూది నూగుకి ఒళ్లంతా దురద పుట్టి, మొహం మీద మాస్కు గీతలు పడి ఉన్నా. 'శభాష్' అనే ఒక్క మాట కోసం ఫోన్ చేశా. ఈయనేమో వైర్లు అంటాడు.

"కిందే ఉన్నాయి నాన్నా. పైన ఇన్సులేషన్ కప్పేశా, అందుకే కనపడట్లేదు."

"వైర్ల మీదేనా?"

"ఇక్కడ అన్నీ స్టాండర్డ్ ప్రకారం ఉంటాయి నాన్నా. ఏం కాదు."

కాసేపు ఆగి, "సర్లే, నీకు తెలుసుగా" అన్నాడు.

నాకు తెలీదు. తెలీదన్న సంగతి తెలియడానికి మూడు వారాలు పట్టింది.

మాది చిలకలూరిపేట. నాన్న ఇళ్లకి వైరింగ్ చేసేవాడు. నేను ట్రిపుల్ ఈ చదివి, అందరిలాగే సాఫ్ట్‌వేర్‌లోకి దూకి, ఇప్పుడు ఇంగ్లండ్‌లో, లండన్‌కి పడమరగా ఉండే రెడింగ్‌లో ఉంటున్నా. కాలేజీ ఫారాల్లో తండ్రి వృత్తి దగ్గర 'ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్' అని రాసేవాణ్ని. 'వైర్‌మ్యాన్' అని రాయడానికి చెయ్యి వచ్చేది కాదు. రెండో ఏడాదిలో ఒకసారి నా పుస్తకంలో మోటారు బొమ్మ చూసి ఆయన ఏదో అడిగితే, "అది నీకు అర్థం కాదులే నాన్నా" అనేశా. ఆయన మర్చిపోయే ఉంటాడు.

పోయిన వేసవిలో, జీతంలో సగం వాయిదాలకే పోయేంత అప్పు చేసి, ఇక్కడ ఇల్లు కొన్నాం. 1960ల్లో కట్టిన ఇల్లు. ఇక్కడి ఇళ్లకి మనలా స్లాబు ఉండదు. పైన ఏటవాలు పెంకుల కప్పు, దాని కింద ఖాళీ జాగా, ఆ కింద పడకగదుల సీలింగ్. ఆ ఖాళీ జాగాని లాఫ్ట్ అంటారు. మన అటకే. కాకపోతే మన అటక మీద ఆవకాయ జాడీలు, పాత ఇత్తడి సామాను ఉంటాయి. ఇక్కడ నీళ్ల ట్యాంకు, క్రిస్మస్ చెట్టు, వాటితో పాటు ఇంటి వైరింగ్‌లో బోలెడంత ఉంటుంది.

చలికాలంలో హీటర్ వేస్తే ఆ వేడి తిన్నగా పైకే పోతుంది. అసలు ఇన్సులేషన్ లేని ఇంట్లో దాదాపు పావు వంతు వేడి కప్పు నుంచే పోతుందని ఇక్కడ అందరూ చెప్పే లెక్క. అందుకని అటక నేల మీద గాజు దూదో, రాతి దూదో పరుస్తారు. 270 మిల్లీమీటర్ల మందం ఉండాలంటారు. అంటే దాదాపు జాన కంటే కొంచెం ఎక్కువ మందం పరుపు. మా అటకలో పాతది 100 మిల్లీమీటర్లే ఉంది, దూలాల మధ్య నలిగిపోయి. వెనక పడగ్గదిలో పొద్దున్నే చూస్తే 14 డిగ్రీలు. మా ఆవిడకి ఆరో నెల. జనవరి చివర్లో అమ్మానాన్న వస్తున్నారు, వాళ్లకి అదే మొదటి విదేశీ ప్రయాణం. ఆ గదిలో అమ్మ ఎలా పడుకుంటుంది?

ఇంకేముంది, వీడియోలు చూశా. 170 మిల్లీమీటర్ల రోల్స్ కొన్నా. పాత దూదికి అడ్డంగా, దూలాల మీదుగా పరుచుకుంటూ పోవడమే. పని నిజంగానే తేలిక. సాయంత్రానికి అటకంతా పసుపురంగు పరుపు వేసినట్టు అయిపోయింది.

అక్కడే నేను రెండు తెలివైన పనులు చేశా.

మొదటిది, పాత దూది మీద ఒక లావు బూడిదరంగు కేబుల్ అలా తేలుతూ పడి ఉంది. అది బాత్రూమ్‌లో ఎలక్ట్రిక్ షవర్‌కి వెళ్లేది. దాని మీదుగానే కొత్త రోల్ పరిచేశా. అంటే కింద 100, పైన 170, మధ్యలో వైరు. శాండ్‌విచ్.

రెండోది, బాత్రూమ్ సీలింగ్ లైట్ల పైన, పాత దూదిలో మూడు గుండ్రటి గుంటలు కోసి ఉన్నాయి. వాటిని చూసి, 'పని సరిగ్గా చెయ్యలేదు, పనిదొంగలు' అని తిట్టుకుని, మిగిలిన ముక్కలతో ఆ గుంటల్ని నీట్‌గా పూడ్చేశా. ఎవరో తెలిసినవాడు కావాలనే వదిలిన గుంటలవి.

డిసెంబర్ మొదటి వారంలో మా ఆవిడ, "స్నానం చేస్తుంటే ఏదో కాలిన ప్లాస్టిక్ వాసన వస్తోంది" అంది. ఆ రోజుల్లో తనకి అన్నీ వాసనలే. పక్కింటివాళ్ల కాఫీ వాసన కూడా పడేది కాదు. "నీకు ఇప్పుడు అలాగే ఉంటుందిలే" అన్నా. మర్నాడు మళ్లీ చెప్పింది. మళ్లీ అదే మాట అన్నా. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇంట్లో అందరికంటే ముందు పసిగట్టిన మనిషి మాటని, కడుపుతో ఉందన్న ఒకే ఒక్క కారణంతో కొట్టిపారేశా.

మూడో రోజు రాత్రి తను స్నానం చేసొచ్చిన వెంటనే నేను వెళ్లా. నా ముక్కుకీ తగిలింది. సన్నగా, తియ్యగా, ఇస్త్రీ పెట్టె కింద పాలిస్టర్ చొక్కా మాడినట్టు. ఒక్కసారిగా నాన్న మాట గుర్తొచ్చింది. వైర్లు ఎటు పోయినయ్?

రాత్రి పదకొండున్నర. అక్కడ తెల్లవారుజాము ఐదు. నాన్న లేచే ఉంటాడని తెలుసు.

నేను చెప్పేదంతా విన్నాడు. తిట్టలేదు. "ముందు మెయిన్ ఆపు. ఆపినాక టార్చి పెట్టుకుని ఎక్కు. దూలం మీదే కాలెయ్, బోర్డు మీద వెయ్యమాక. షవరు వైరు మీద దూది తీసి చెయ్యి పెట్టి చూడు. ఫోన్ పెట్టమాక."

మెయిన్ ఆపేశా. ఇల్లంతా చీకటి. కింద మా ఆవిడ నిచ్చెన పట్టుకుని నిలబడింది. కప్పు కింద గాలి చల్లగా కోస్తోంది, నోట్లోంచి ఆవిరి కనపడుతోంది. దూది పొర ఎత్తి కేబుల్ పట్టుకున్నా. నిండు టీ గ్లాసుని బయటి నుంచి పట్టుకున్నట్టు ఉంది. వదిలేశా. మళ్లీ పట్టుకున్నా, నమ్మలేక. అటకలో సున్నాకి దగ్గర్లో ఉన్న చలి, అందులో సలసలా కాగుతున్న వైరు.

"వేడిగా ఉంది నాన్నా."

"ఉండదా మరి. జొరంతో ఒళ్లు కాలిపోతున్నోడికి మూడు రగ్గులు కప్పితే ఏమైద్ది?"

నాలుగేళ్ల డిగ్రీలో నేను చదివిన పాఠం అది. ఒక వాక్యంలో చెప్పేశాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ల్యాప్‌టాప్ తీసి లెక్కలేశా. బ్రిటన్‌లో వైరింగ్‌కి బీఎస్ 7671 అని ఒక ప్రమాణం ఉంది. అందులో ఏ సైజు కేబుల్ ఎక్కడ ఎలా పడి ఉంటే ఎంత కరెంటు మోయగలదో పట్టికలు ఉంటాయి. మా షవర్ 8.5 కిలోవాట్లు. 240 వోల్టుల దగ్గర 35 ఆంపియర్లు లాగుతుంది. మన ఊళ్లో గీజర్ సాధారణంగా 2 కిలోవాట్లు. అది నీళ్లని నింపుకుని నెమ్మదిగా కాస్తుంది. ఇక్కడి షవర్ పారే నీళ్లని పారుతుండగానే కాచాలి, అందుకే అంత ఆకలి దానికి. మా వైరు 6 చదరపు మిల్లీమీటర్ల రాగి. గోడకో చెక్కకో క్లిప్పులు కొట్టి, గాలి తగిలేలా ఉంటే అది 47 ఆంపియర్లు మోస్తుంది. అంటే ఇల్లు మా చేతికి వచ్చినప్పుడు అంతా సవ్యంగానే ఉంది. అదే వైరు సీలింగ్ బోర్డు మీద పడుకుని, పైన 100 మిల్లీమీటర్లు దాటి ఇన్సులేషన్ ఉంటే 27 ఆంపియర్లే. అర మీటరు కంటే ఎక్కువ పొడవున చుట్టూ పూర్తిగా ఇన్సులేషన్‌లో కూరుకుపోతే సగమే లెక్కేయాలి. 47లో సగం, 23.5. అందులో మేం రోజూ 35 పారిస్తున్నాం.

35 ఆంపియర్లు పారేటప్పుడు ఆ వైరులో మీటరుకి దాదాపు 9 వాట్ల వేడి పుడుతుంది. వినడానికి తక్కువే, ఒక ఎల్ఈడీ బల్బు అంత. కానీ ఆ వేడికి బయటికి దారి లేదు. ఇంట్లో వేడిని బయటికి పోనివ్వకుండా ఆపడానికే కదా నేను ఆ దూది కొన్నది? అది తన పని తాను పక్కాగా చేసింది. దానికి ఇంటి వేడి, వైరు వేడి అని తేడా తెలీదు. వైరు తొడుగు పీవీసీ 70 డిగ్రీల వరకే తట్టుకునేలా చేస్తారు. రోజూ అంతకు మించి కాగితే అది మెల్లగా గట్టిపడి, పెళుసై, పగుళ్లిస్తుంది. ఆ తర్వాత రాగికీ రాగికీ మధ్య ఏం మిగలదు.

మరి ఎంసీబీ ఎందుకు పడలేదు? మా ఆవిడ అడిగింది, నా ఫ్రెండ్స్ అందరూ అడిగారు, ఆ రాత్రి నేనూ అడుక్కున్నా. అదేగా కాపాడాల్సింది. మాది 40 ఆంపియర్ల ఎంసీబీ. దానికి తెలిసింది ఒక్కటే, తనలోంచి ఎంత కరెంటు పోతోందని. 35 పోతోంది, 40 లోపే, దాని దృష్టిలో అంతా మామూలే. పది మీటర్ల అవతల అటకలో ఎవడో వైరు మీద దుప్పటి కప్పాడని దానికెలా తెలుస్తుంది? ఆఫీసులో మేం సర్వర్లకి అలర్టులు పెడతాం. తప్పు నంబర్ దగ్గర పెట్టిన అలర్ట్ ఎంత ప్రశాంతంగా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఇంట్లో ఫ్యూజ్ డబ్బా చూసి అంత ధైర్యంగా ఎందుకున్నానో!

ఎలక్ట్రీషియన్ నాలుగు రోజులకి గానీ దొరకలేదు. ఆ నాలుగు రోజులూ షవర్ ఎంసీబీ దించేసి, టబ్ కుళాయి నీళ్లతో స్నానాలు. దానికోసం బజారుకెళ్లి బకెట్, మగ్గు కొన్నాం. మా ఆవిడ అయితే, "ఇదే బావుంది, స్నానం చేసినట్టుంది" అంది. నా మీద కోపం ఇంకా తగ్గలేదు కాబట్టి నేను దేనికీ ఎదురు చెప్పట్లేదు.

ఎలక్ట్రీషియన్ యాభై దాటిన మనిషి. పైకెక్కి పది నిమిషాలు ఏం మాట్లాడలేదు. తర్వాత నన్ను పిలిచి మూడు చూపించాడు. షవర్ వైరు ఒకటి. దాని తొడుగు నొక్కితే మెత్తగా లేదు, బిగుసుకుపోయింది. రెండోది నేను పూడ్చిన గుంటలు. అవి పాత హాలోజెన్ లైట్లు, ఒక్కోటి 50 వాట్లు. వాటి మీద దూది గోధుమరంగుకి తిరిగింది. దూది అంటుకోదు గానీ, లైటు హోల్డరూ దాని వైర్లూ కమిలిపోతాయి. వాసన వైరుదా, లైట్లదా అని అడిగితే, "రెంటిదీ అయ్యుండొచ్చు" అని భుజాలెగరేశాడు.

మూడోది నాకు బొత్తిగా తెలియనిది. అటక ద్వారం పక్కన, మాకంటే ముందున్నవాళ్లు చలి ఆపడానికి థర్మోకోల్ ముక్కలు కుక్కారు. ఒక సాకెట్ల వైరు వాటికి ఆనుకుని ఉంది. అక్కడ థర్మోకోల్ కరిగి వైరుకి జిగురులా అతుక్కుంది. వేడి వల్ల కాదట. పీవీసీని మెత్తగా ఉంచడానికి అందులో ఒక నూనెలాంటి పదార్థం కలుపుతారు. థర్మోకోల్ తగిలితే అది అందులోకి ఊరిపోతుంది. వైరు ఎండిపోయి పెళుసవుతుంది, థర్మోకోల్ కరిగిపోతుంది. రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయన్నమాట.

ఇది చదివి 'మాకు అటకా లేదు, దూదీ లేదు, హైదరాబాద్‌లో ఉక్కపోతతో చస్తున్నాం' అనుకుంటున్నారా? ఫాల్స్ సీలింగ్ ఉంది కదా. టాప్ ఫ్లోర్‌లో ఎండకి తాళలేక ఫాల్స్ సీలింగ్ పైన థర్మోకోల్ షీట్లు వేయించుకున్నవాళ్లు నాకే ఇద్దరు తెలుసు. పైపులో పెట్టకుండా ఊరికే లాగిన వైర్లు ఆ షీట్లకి ఆనుకుని ఉన్నాయేమో, స్పాట్ లైట్ల నెత్తిన ఏముందో, ఏసీ వైరు ఎటు పోయిందో ఒకసారి కనుక్కోండి. ఇంటీరియర్ వాళ్లు ఇచ్చే త్రీడీ బొమ్మల్లో ఇవేవీ కనిపించవు.

అన్ని వైర్లకీ భయపడక్కర్లేదు, అది కూడా చెప్పాలి. ఆ రాత్రి నేను కంగారులో లైట్ల వైర్లన్నీ పీకి బయటపెట్టా. ఎలక్ట్రీషియన్ నవ్వాడు. లైట్లకి వాడే ఒక చదరపు మిల్లీమీటరు వైరు పూర్తిగా కూరుకుపోయినా 8 ఆంపియర్లు మోస్తుంది, దాని ఎంసీబీ 6 ఆంపియర్లదే. పైగా ఎల్ఈడీలు లాగేది ఎంతని? జాగ్రత్తంతా షవర్, కుక్కర్, హీటర్, సాకెట్ల సర్క్యూట్లు లాంటి తిండిపోతుల దగ్గరే. వాటి వైరు వదులుగా ఉంటే, మెయిన్ ఆపి, దూది పైకి తీసి చెక్కకి క్లిప్పు చేస్తే చాలు. లాగి బిగించినట్టుంటే బలవంతంగా ఎత్తకూడదు, అతుకులు ఊడతాయి. అది ఎలక్ట్రీషియన్ పని. ఇల్లు బాగా పాతదై, నల్ల రబ్బరు తొడుగు వైర్లు కనబడితే అసలు చెయ్యే పెట్టొద్దు. ముట్టుకుంటేనే పొడి రాలుతుంది. ముందు వైరింగ్ మార్పించుకోవాలి, దూది సంగతి ఆ తర్వాత. ఇంకా, కప్పేసే ముందు అటకంతా ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోండి. నేను తీసుకోలేదు. ఏ వైరు ఎక్కడుందో వెతకడానికే ఒక పూట పోయింది. చూరు దగ్గర గాలి ఆడే సందులు కూడా మూసేశానని అప్పుడే బయటపడింది, అవి మూస్తే చెమ్మ చేరి చెక్క పుచ్చిపోతుంది. మొత్తానికి నేను చెయ్యని తప్పల్లా సీలింగ్‌లోంచి కాలు కిందికి దిగేయడం ఒక్కటే.

షవర్‌కి 10 చదరపు మిల్లీమీటర్ల కొత్త కేబుల్ వేశాడు. లావు వైరు వేశాం కదా, ఇక దూది కింద ఉంచొచ్చా అంటే ఒప్పుకోలేదు. ఆ మందం దూది కింద అది కూడా 36 ఆంపియర్లకే పడిపోతుందట, మన 35కి అంచు మీద. గాలిలో అయితే 64. అందుకని దూది మీద, అటక ఈ చివర నుంచి ఆ చివరకి ఒక చెక్క పట్టీ కొట్టి, దాని మీద వైరుకి వరసగా క్లిప్పులు కొట్టాడు. హాలోజెన్లు తీసేసి 5 వాట్ల ఎల్ఈడీలు పెట్టి, పైన మంటకి తాళే టోపీలు బోర్లించాడు. థర్మోకోల్ అంతా ఏరి సంచిలో వేసి, పాడైన ముక్క వరకు సాకెట్ల వైరు మార్చాడు. ఇన్సులేషన్‌కి నేను పెట్టినదానికి సరిగ్గా రెండింతల బిల్లు వచ్చింది. డబ్బులు పంపుతుంటే మా ఆవిడ పక్కనే నిలబడి చూసింది. ఏం అనలేదు.

జనవరిలో అమ్మానాన్న వచ్చారు. వెనక గదిలో పొద్దున్నే 18 డిగ్రీలు. అయినా అమ్మ స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, పైన శాలువా కప్పుకుని కూర్చుంది. దూది తన పని చేస్తోందని ఆవిడకి ఎంత చెప్పినా నమ్మలేదు.

రెండో రోజే నాన్న "నిచ్చెన దించు" అన్నాడు. మోకాలు నొప్పి అంటూనే ఎక్కేశాడు. వెనకే నేను. కూర్చుని, టార్చి వేసి, చెక్క పట్టీ మీద వైరుని ఆ చివరి దాకా చూశాడు. క్లిప్పుల మధ్య ఎడం వేళ్లతో కొలిచాడు.

"బ్యాటెన్ వైరింగేగా ఇది! పైపులు రాకముందు మేం కొట్టిందంతా ఇట్టాగే" అన్నాడు, సంతోషంగా. "నీట్‌గా కొట్టాడు. ఎంత తీసుకున్నాడేంది?"

చెప్పా. రూపాయల్లోకి మార్చుకుని కాసేపు మాట్లాడలేదు.

"పెన్ను ఉందా?"

జేబులో మార్కర్ ఉంది, ఇచ్చా. చెక్క పట్టీ మీద, ద్వారంలోంచి తల పెట్టగానే కనపడే చోట, వంగి మెల్లగా రాశాడు: 'షవరు వైరు. దీని మీద ఏమీ కప్పొద్దు.'

"ఇక్కడ తెలుగు ఎవరు చదువుతారు నాన్నా?"

"నువ్వు చదువుతావుగా" అన్నాడు.